పౌర్ణమి నుంచి పంచమి దాకా: గోదావరి తీరాన ఇసుక పిట్టల వెంట

కాకినాడ నుంచి అంతర్వేది వరకు సముద్రపు ఒడ్డున తిరిగే చిన్న పిట్టలను ఫొటో తీయాలనుకునేవారు గడియారం కంటే ముందు పంచాంగం చూడాలి. ఈ తీరంలో పౌర్ణమికీ అమావాస్యకీ పోటు దాదాపు ఉదయం తొమ్మిది గంటల ప్రాంతంలో నిండుతుంది. ఆ తరువాత రోజూ ముప్పావుగంట, గంట చొప్పున ఆలస్యమవుతూ చవితి, పంచమి నాటికి మిట్టమధ్యాహ్నానికి చేరుతుంది. పౌర్ణమి ఉదయం పిట్టలకు తిండి పెట్టే తడి ఇసుక నీళ్ల కింద ఉంటుంది కనుక అవి పొడి తిన్నెల మీద గుంపుగా చేరి విశ్రమిస్తాయి. పంచమినాడు తెల్లవారేసరికీ, మళ్లీ పొద్దువాలేసరికీ నీరు బాగా వెనక్కి తీసి ఉంటుంది కనుక మెత్తని వెలుగూ పిట్టల మేతా ఒకే వేళకు కలుస్తాయి. మంచి వెలుగును మాత్రమే లెక్కలోకి తీసుకొని బయలుదేరినవారికి నిద్రపోతున్న పిట్టలో, ఖాళీ ఇసుకో ఎదురు కావడానికి కారణం ఇదే. ఈ రెండు దశలనూ చూడాలన్న ఉద్దేశంతోనే మాఘ పౌర్ణమికి కాకినాడలో మొదలుపెట్టి, బహుళ పంచమికి అంతర్వేదిలో ముగిసేలా ఈ ప్రయాణం పెట్టుకున్నాను. కారు నడపడానికీ, టెలిస్కోపు మోయడానికీ మా బావమరిది తోడు వచ్చాడు.

పౌర్ణమి

మాఘ పౌర్ణమి సముద్ర స్నానానికి పెట్టింది పేరు. సూర్యారావుపేట బీచ్ దగ్గర తెల్లవారక ముందే ఆటోలు, ట్రాక్టర్లు బారులు తీరాయి. ఆ జనంలో పిట్టల కోసం వెతకడం వృథా కనుక కారు ఆపకుండా ఉప్పాడ వైపు సాగిపోయాము.

ఉప్పాడ తీరం కొన్ని దశాబ్దాలుగా కోతకు గురవుతున్న సంగతి తెలుగువారందరికీ పరిచితమే. తుపాను వచ్చిన ప్రతిసారీ కాకినాడ రోడ్డు తెగిపోవడం, అలలు ఇళ్ల గోడలను తాకడం పత్రికల్లో చూస్తూనే ఉంటాము. రోడ్డును కాపాడడానికి పోసిన బండరాళ్ల వరుసకూ నీళ్లకూ మధ్య ఇప్పుడు పోటు వేళ ఇసుకే మిగలడం లేదు. పిట్టల దృష్టితో చూస్తే దీని అర్థం సులభంగా బోధపడుతుంది. పొడి ఇసుక మీద సేదతీరే ప్లోవర్లకు ఇక్కడ చోటు లేదు. రాళ్లను ఇష్టపడే టర్న్‌స్టోన్‌లు, తోక ఆడిస్తూ తిరిగే కామన్ శాండ్‌పైపర్లు మాత్రం ఉన్నాయి. టర్న్‌స్టోన్ పొట్టి ముక్కును పలుగు వాడినట్టు వాడుతుంది. నాచు పట్టిన గులకరాయి కిందకు ముక్కు దూర్చి, మెడతో ఎత్తి, పక్కకు దొర్లించి, కింద దాగిన పురుగును అది పారిపోకముందే పట్టుకుంటుంది. రాయి దొర్లిన ఆ క్షణం కోసం కాసేపు ఓపిక పట్టాను గాని, సూర్యుడు సముద్రం మీదనే ఉండడంతో ఒడ్డున నిలబడినవారికి పిట్ట నల్లని నీడగా తప్ప కనబడలేదు. తూర్పు తీరంలో ఉదయం పూట వచ్చే చిక్కు ఇది. వెలుగు మన వెనుక ఉండాలంటే మనమే సముద్రానికి వీపు పెట్టి, నీటి అంచున ఉండి, నేల వైపు చూడాలి. ఉప్పాడ రాళ్ల మీద అది కుదిరే పని కాదు.

మధ్యాహ్నం మూడు గంటలకు నీరు పూర్తిగా తీసింది. నాలుగున్నరకు సూర్యారావుపేటకు తిరిగి వచ్చేసరికి స్నానాల జనం వెళ్లిపోయి, వారు వదిలిన కొబ్బరి చిప్పల చుట్టూ కుక్కలు మిగిలాయి. ఒక కిలోమీటరు ఉత్తరానికి నడిచాక, మళ్లీ పైకి వస్తున్న అలల అంచున శాండర్లింగ్‌లు కనబడ్డాయి.

ఇంత చిన్న పిట్ట ఇంత దూరం నుంచి వస్తుందని మొదటిసారి విన్నవారు నమ్మరు. యాభై అరవై గ్రాముల బరువుండే శాండర్లింగ్ ఆర్కిటిక్ మహాసముద్రం అంచున ఉన్న చెట్టులేని చలినేలల్లో గుడ్లు పెట్టి, శీతకాలానికి అంటార్కిటికా తప్ప మిగిలిన అన్ని ఖండాల ఇసుక తీరాలకూ చేరుతుంది. చలికాలపు ఈకల్లో అది ఒడ్డు పిట్టలన్నింటిలోకీ తెల్లగా, భుజం దగ్గర చిన్న నల్లని మచ్చతో ఉంటుంది. దగ్గర బంధువులైన మిగతా శాండ్‌పైపర్లకు ఉండే వెనుక వేలు దీనికి లేదు. అల వెనక్కి జారుతుంటే దాని వెంట పరుగు తీసి, నీరు ఇంకిపోయేలోగా ఇసుకలోకి ముక్కు గుచ్చి, అక్కడ తలలు దూర్చుకుంటున్న చిన్న ఇసుక పురుగులనూ పీతపిల్లలనూ లాగి, తరువాతి అల వచ్చేసరికి ఒడ్డుకు పరుగెత్తుకొస్తుంది. అందులో కొన్ని ఒంటికాలి మీద కుంటుతూ తప్పుకోవడం చూసి మా బావమరిది, "బావా, పాపం దానికి కాలు విరిగినట్టుంది" అన్నాడు. విరగలేదు. విశ్రాంతిగా ఒక కాలు పొట్ట ఈకల్లోకి ముడుచుకున్న శాండర్లింగ్, దాన్ని కిందికి దించడం ఇష్టం లేక, రెండో కాలితోనే గెంతుకుంటూ చాలా దూరం పోగలదు. బాగా దగ్గరకు వెళితే తప్ప ఆ ముడిచిన కాలును దించదు. ఆ కాలు కిందికి దిగిందంటే మనం హద్దు దాటినట్టే లెక్క.

సాయంత్రం పొద్దు భూమి వైపు వాలుతుంది కనుక ఒడ్డున పడుకొని సముద్రం వైపు చూస్తే పిట్ట మీద నేరుగా వెలుగు పడుతుంది. కెమెరాకు ఆసరాగా త్రిపాది బదులు పాత ఇనుప మూకుడు వాడతాను. దాని అడుగున చిల్లు చేయించి, కెమెరాను ఎటైనా తిప్పడానికి వీలిచ్చే బాల్‌హెడ్ బిగించడంతో అది ఇసుకలో దిగబడకుండా తోసినకొద్దీ ముందుకు జారుతుంది, లెన్స్ నేలకు జానెడు ఎత్తులో ఉంటుంది. ఆ ఎత్తున పిట్ట కన్నూ మన కన్నూ ఒకే మట్టంలోకి వస్తాయి. ముందున్న ఇసుకా వెనుకనున్న నురగా రెండూ మసకబారి పిట్ట ఒక్కటే స్పష్టంగా నిలుస్తుంది. నిలబడి తీసిన ఫొటోలో పిట్ట ఇసుక మీద పడిన ఈకలా కనబడడానికి కారణం లెన్స్ కాదు, ఎత్తు. పరుగెత్తే శాండర్లింగ్ కాళ్లు స్పష్టంగా రావాలంటే షట్టర్ వేగం సెకనులో రెండువేల ఐదువందల వంతుకు తగ్గకూడదు. తెల్లని నురగ ముందు తెల్లని పిట్టను కెమెరా తన లెక్క ప్రకారం బూడిదరంగులోకి దించుతుంది కనుక వెలుగును దాదాపు ఒక స్టాప్, అంటే రెట్టింపు, పెంచాలి. పొట్ట మీది తెలుపులో ఈకల వివరాలు చెరిగిపోతున్నాయా లేదా అన్నది మధ్య మధ్య హిస్టోగ్రామ్‌లో, అంటే వెలుగునీడల పాళ్లు చూపే కెమెరా గ్రాఫ్‌లో, చూసుకోవాలి. మిగిలినదంతా అల ఎక్కడ విరుగుతుందో ఊహించి అక్కడ ముందే పడుకోవడం. వెంటపడితే అవి అదే దూరాన్ని కాపాడుకుంటూ ముందుకు పోతూనే ఉంటాయి. కదలకుండా ఉంటే ఒడ్డు వెంట వెళ్లిన గుంపు కాసేపటికి అదే దారిన తిరిగి వచ్చి మూకుడును చుట్టుకొని పోతుంది.

పాడ్యమి

హోప్ ఐలాండ్‌కు వెళ్లడానికి అనుమతులు ముందే తీసుకున్నాము. కాకినాడ జెట్టీ నుంచి తెల్లవారుజామున బయలుదేరిన పడవకు సరంగు అరవై దాటిన మత్స్యకారుడు. మేమిద్దరమూ ఆయనను బాబాయ్ అనే పిలిచాము.

మ్యాపులో చూస్తే ఇది ద్వీపం కంటే సన్నని ఇసుక నాలుకలా కనబడుతుంది. గోదావరి తెచ్చిపోసిన ఇసుకను అలలు ఉత్తరానికి నెట్టుకుంటూ పోవడంతో గత రెండు శతాబ్దాల్లో ఏర్పడిన నేల ఇది. పొడవు సుమారు పదహారు కిలోమీటర్లు. తూర్పున బంగాళాఖాతం, పడమట కాకినాడ అఖాతం, దక్షిణాన కోరింగ మడ అడవులు. ఓడరేవును పెద్ద అలల నుంచి కాపాడుతున్నది ఈ ఇసుక గోడే. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన కోరింగలో మడ చెట్ల కింద బురద మీద పొడవు ముక్కు పిట్టలు మేస్తాయి, పోటు వచ్చి ఆ బురద మునిగినప్పుడు ఈ ఇసుక మీదకు వచ్చి కూర్చుంటాయి. తీసుకోవలసిన జాగ్రత్తలన్నీ ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతాయి. బురద మీద ఉన్నప్పుడు లేపితే పిట్ట పక్క గుంటకు పోతుంది. పోటు వేళ లేపితే పోవడానికి దానికి చోటు ఉండదు, తినడానికి తిండీ దొరకదు, ఎగిరినంత మేర ఒంట్లోని కొవ్వు ఖర్చవుతుంది. మార్చి, ఏప్రిల్‌లలో వేల కిలోమీటర్లు ఉత్తరానికి ఎగరవలసిన పిట్టకు ఆ కొవ్వే దారిబత్తెం.

సముద్రం వైపు దిగి, ముందు తాబేళ్ల జాడలు చూశాము. రాత్రి గుడ్లు పెట్టి వెళ్లిన ఆలివ్ రిడ్లే తాబేలు ఈడ్చుకుంటూ పోయిన దారి తిన్నె మీదకు ఎక్కి, ఒక గుంట చుట్టూ తిరిగి, మళ్లీ నీళ్లలోకి దిగింది. దాని మీద అప్పటికే ఇసుక పీతల గీతలు పడ్డాయి. బాలబందితీగ అల్లుకున్న తిన్నె ఎక్కగానే, అఖాతం వైపు నీటి అంచున పిట్టల గుంపు కనబడింది. సూర్యుడు మా వెనుక, పిట్టలు మా ముందు. ఉప్పాడలో కుదరని అమరిక ఇక్కడ తనంత తానే కుదిరింది.

తిన్నె దిగువన, గుంపుకు చాలా దూరంలోనే పడుకొని టెలిస్కోపుతో చూశాను. ముందు వరుసలో గ్రే ప్లోవర్లు, గ్రేట్ నాట్‌లు, వాటి మధ్య కర్ల్యూ శాండ్‌పైపర్లు. వెనుక, కాస్త పొడి నేల మీద, చిన్నవాటి సమూహం. చిన్నవాటిలో ఎక్కువ భాగం శాండ్ ప్లోవర్లు. ఇంతకాలం లెస్సర్ శాండ్ ప్లోవర్ అని ఒకే పేరుతో పిలిచినదాన్ని 2022లో రెండు జాతులుగా విడదీశారు. సైబీరియా తూర్పు వైపువి ఒక జాతి, హిమాలయాల ఎత్తైన మైదానాల్లోనూ టిబెట్‌లోనూ గుడ్లు పెట్టేవి ఇంకొకటి. మన తీరాలకు శీతకాలంలో ఎక్కువగా వచ్చేది ఈ రెండోది. అంటే ఇక్కడ పక్కపక్కనే నిద్రపోతున్న పిట్టల్లో ఒకటి ధ్రువ ప్రాంతం నుంచి, ఒకటి మంచు కొండల వెనుక నుంచి వచ్చినవి. గ్రేటర్ శాండ్ ప్లోవర్‌ను వాటి నుంచి వేరు చేయడానికి ముక్కు చూడాలి. గ్రేటర్ ముక్కు పొడవుగా, బరువుగా, చివర కొనదేరి ఉంటుంది. కాళ్లు కూడా పొడవు. రెండూ పక్కపక్కన నిలబడితే తప్ప ఈ తేడా మీద పందెం కాయకూడదు.

గ్రే ప్లోవర్‌నూ కర్ల్యూ శాండ్‌పైపర్‌నూ 2024లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) ప్రమాదానికి లోనవుతున్న జాతుల జాబితాలోకి మార్చింది. గ్రేట్ నాట్ అంతకు ముందు నుంచే అంతకంటే తీవ్రమైన వర్గంలో ఉంది. అలాంటి గుంపును ఒక ఫొటో కోసం లేపేవారిని ఇదే తీరంలో చూశాను. ఎగిరే గుంపు ఫొటో బాగుంటుంది, నిజమే. కాని అది ఎలా లేచిందో తెలిశాక ఆ ఫొటోను గోడకు తగిలించుకోలేము. ఆ ఉదయం గుంపు లేవడం రెండు సార్లు చూశాను. మొదటిసారి గద్ద ఒకటి దాటితే ముందు వరుస మాత్రమే లేచి వెంటనే దిగింది. రెండోసారి దక్షిణం నుంచి బైరి డేగ నేలబారుగా వచ్చింది. అన్నీ ఒకే శరీరంగా లేచి, ఒక పక్కకు వాలితే గోధుమరంగు, ఇంకో పక్కకు వాలితే తెలుపు అవుతూ, అఖాతం మీద చాలాసేపు తిరిగి, డేగ మడ అడవి వైపు పోయాకే దిగాయి.

దిగిన చోటు మాకు మునుపటికంటే దగ్గర. కదలకుండా పడుకున్నాము. ఒక లిటిల్ స్టింట్ నా ముందున్న పాత అడుగుజాడలోకి నడిచి వచ్చి కూర్చుంది. ఇరవై, ముప్పై గ్రాముల మధ్య తూగే ఆ పిట్టకు గాలి తగలకుండా ఉండడానికి మనిషి మడమ చేసిన గుంట సరిపోయింది. ముక్కు వీపు ఈకల్లో దూర్చి, ఒక కన్ను మూసింది. పైకి ఉన్న కంటి రెప్ప కొన్ని సెకన్లకోసారి కింది నుంచి మూసుకొని, సన్నని చీలికగా తెరుచుకొని, నల్లగా మెరిసి, మళ్లీ మూసుకుంటోంది. భుజం మీద ఒక్కొక్క ఈక నడిమి నల్లటి చారా, అరిగిన అంచూ లెన్స్‌లో విడివిడిగా కనబడ్డాయి. షట్టర్‌ను శబ్దం లేని పద్ధతిలోకి మార్చి తీశాను.

తొమ్మిదిన్నరకు ఇసుక వేడెక్కి, లెన్స్‌లో అంతా నీళ్లలో కదిలినట్టు కదలసాగింది. ఎండావిరులు లేచాక ఎంత ఖరీదైన లెన్స్ అయినా పిట్ట కన్నును పట్టుకోలేదు. లేచి వెళదామని బావమరిది సైగ చేశాడు గాని, అప్పుడు లేస్తే గుంపంతా లేస్తుంది. వెనుక నుంచి బాబాయ్ మెల్లగా, "ఆగండి బాబూ. పాటు తియ్యనివ్వండి. అయ్యే లేచిపోతాయి" అన్నాడు. ఆయన అన్నట్టే, నీరు తీయడం మొదలయ్యాక, మొదట గ్రేట్ నాట్‌లు, తరువాత కర్ల్యూ శాండ్‌పైపర్లు చిన్న చిన్న బృందాలుగా లేచి మడ అడవి వైపు పోయాయి. శాండ్ ప్లోవర్లు చివరిదాకా ఉన్నాయి. అవి నడుచుకుంటూ నీటి అంచుకు దిగాకే మేము వెనక్కి పాకాము. ఇంటికి వచ్చాక చూస్తే ఆ రోజు ఫొటోల్లో సగానికి పైగా నిద్రపోతున్న పిట్టలే. నాకు అవే ఇష్టం.

విదియ

యానాం, ఎదుర్లంక వంతెన మీదుగా అమలాపురం చేరడం, పరికరాలు శుభ్రం చేసుకోవడం తప్ప ఆ రోజు చెప్పుకోదగ్గ పని లేదు. తీరంలో పనిచేసిన కెమెరాను పొడి గుడ్డతో తుడవకూడదు. ఉప్పు, ఇసుక కలిసి గాజును గీస్తాయి. ముందు గాలిబుడ్డితో ఊది, తరువాత మంచినీటిలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో ఒళ్లంతా అద్ది, ఫ్యాను కింద ఆరబెట్టాలి. మూకుడును మాత్రం బకెట్లో ముంచితే సరిపోతుంది.

తదియ

ఉప్పలగుప్తం మండలంలోని ఎస్. యానాం బీచ్ విశాలంగా, చదునుగా ఉంటుంది. కొబ్బరి తోటలు, రొయ్యల చెరువులు దాటి సరుగుడు తోపులోంచి బయటపడగానే, తిన్నెల మీద గుత్తులు గుత్తులుగా రావణాసురుడి మీసాల గడ్డి. ఇసుక కాకినాడ వైపులా లేత రంగులో లేదు. అల వెనక్కి జారినచోటల్లా బరువైన నల్లని ఖనిజాలు పొరలుగా మిగిలి, ఒడ్డంతా చారలు పడి ఉంది. ఈ చారలు ఫొటోకు మేలు చేస్తాయి. నల్ల ఇసుక మీద కెమెరా వెలుగును పెంచేస్తుంది కనుక ఇక్కడ పెంచడం కాదు, కాస్త తగ్గించాలి.

పొడి ఇసుక మీద కెంటిష్ ప్లోవర్లు ఉన్నాయి. మనిషి పక్కనుంచి నడిచిపోతున్నా, అవి కదలనంత వరకు వాటిని చూడలేము. ఇసుక రంగు వీపు, తెల్లని పొట్ట, మెడ రెండు వైపులా విరిగిపోయిన పట్టీ. ట్రాక్టరు టైరు చేసిన చాలులో ఒకదాని వెనుక ఒకటి గాలికి ఎదురు తిరిగి కూర్చున్నాయి. ప్లోవర్ల వేట పద్ధతి శాండ్‌పైపర్లకు పూర్తిగా వేరు. శాండ్‌పైపర్ ఇసుకలో ముక్కు గుచ్చి, ముక్కు కొనలోని స్పర్శతో పురుగును కనిపెడుతుంది. ప్లోవర్‌కు పొట్టి ముక్కు, పెద్ద కళ్లు. అది చూసి పట్టే పిట్ట. నాలుగడుగులు పరుగెత్తి టక్కున ఆగుతుంది, తల కొద్దిగా వంచి చూస్తుంది, ఏమీ లేకపోతే మళ్లీ పరుగు. తడి ఇసుక మీద ఒకటి ఒక కాలు ముందుకు చాచి పాదాన్ని వణికిస్తూ నేలను తట్టింది. ఆ అదురుకు ఏదో కదిలింది. మరుక్షణంలో ముక్కు దాని మీద ఉంది. ఆగిన క్షణంలో తీయాలన్న నియమం ప్లోవర్‌కు పనికొస్తుంది, శాండర్లింగ్‌కు పనికిరాదు.

ఎనిమిది గంటలకు అలివి వల లాగడం మొదలైంది. రెండు వైపులా తాళ్లు పట్టి, పాట అందుకొని, మగవారూ ఆడవారూ కలిసి వెనక్కి నడుస్తుంటే, ఆ కోలాహలానికి పిట్టలన్నీ పోతాయనుకుంటాము. పోలేదు. వల ఒడ్డెక్కాక ఏరి పారేసిన చిన్న పీతలు, చేపల మధ్యకు టర్న్‌స్టోన్‌లు, శాండర్లింగ్‌లు మనుషుల కాళ్లకు అడ్డం పడుతూ వచ్చాయి. పని చేసుకుంటున్న మనిషికి పిట్ట భయపడదు. తననే చూస్తూ వంగి నడిచే మనిషికి భయపడుతుంది. వేటగాడి నడక అదే కదా. మధ్యాహ్నానికి పర్యాటకుల కార్లు నేరుగా నీటి అంచు దాకా దిగడంతో ప్లోవర్లు కూర్చున్న చాళ్లు ఖాళీ అయ్యాయి.

చవితి

వైనతేయ గోదావరి సముద్రంలో కలిసే ఓడలరేవు మొగ దగ్గర, తెల్లవారుజామున నీరు అడుగంటా తీసి, ఇసుక మేటలు బయటపడి ఉన్నాయి. మొగల వద్ద ఇసుక ఏటా చోటు మార్చుకుంటుంది. నిరుడు పడుకున్న మేట ఈ ఏడు ఉండదు. నది తెచ్చే సన్నని ఒండ్రు ఇసుకలో కలవడం వల్ల ఇక్కడ పురుగూ పుట్రా ఎక్కువ. అందుకే లిటిల్ స్టింట్‌లు తల ఎత్తకుండా, కుట్టుమిషను సూదిలా ముక్కును ఆడిస్తూ మేస్తున్నాయి. మేతలో పడిన స్టింట్‌కు మనం ఉన్నామన్న ధ్యాస ఉండదు, అందుకే ఇది సులభమైన పిట్ట అంటారు. నిజానికి తల పైకెత్తిన ఫొటో రావడం దీనితోనే అన్నింటికంటే కష్టం. గట్టుమీది కాకి అరిచినప్పుడో, తోటి స్టింట్ తోసుకొచ్చినప్పుడో తల ఒక్క లిప్తపాటు పైకి లేస్తుంది.

ఇక్కడ తీరం దక్షిణానికి తిరిగి ఉంటుంది కనుక మాఘమాసపు సూర్యుడు ఉదయం ఒడ్డు ఒక చివర లేచి, సాయంత్రం రెండో చివర దిగుతాడు. ఒడ్డు పొడుగునా చూస్తూ పడుకుంటే రెండు పూటలా వెలుగు వీపు మీదే ఉంటుంది. ఆ సాయంత్రం మేటల మీద స్టింట్‌ల ప్రతిబింబాలతో సహా తీయగలిగాను. మేటల మీద తిరిగేవారికి ఒక్క హెచ్చరిక: తిరిగే పోటు ముందు మన వెనుకనున్న పల్లాన్ని నింపుతుంది. పిట్టల మీద చూపు ఉన్నవారికి తెలిసేసరికి మేట ద్వీపమై ఉంటుంది. బావమరిదిని ఒడ్డు వైపు పల్లంలో గుర్తు కర్ర పాతి, దాని దగ్గరే నిలబెట్టాను.

పంచమి

అంతర్వేదిలో వశిష్ఠ గోదావరి సముద్రంలో కలుస్తుంది. నదికీ సముద్రానికీ మధ్యనున్న ఇసుకను అన్నాచెల్లెళ్ల గట్టు అంటారు. భీష్మ ఏకాదశి కల్యాణానికి వచ్చిన జనం అప్పటికే వెళ్లిపోయారు. లక్ష్మీనరసింహస్వామి దర్శనం మధ్యాహ్నానికి వాయిదా వేసి, చీకటి ఉండగానే గట్టు వైపు నడిచాము. ఆరుంపావుకు నీరు పూర్తిగా తీసింది, ఆ వెంటనే పొద్దు పొడిచింది.

అక్కడ నాకు కావలసింది ఒకే పిట్ట. శ్రీలంకలోనూ దక్షిణ భారత తీరంలోనూ వలస పోకుండా ఏడాదంతా ఉండి, ఇక్కడే గుడ్లు పెట్టే చిన్న ప్లోవర్‌ను ఎంతోకాలం కెంటిష్ ప్లోవర్‌లో ఉపజాతిగా లెక్కించారు. 2023లో దాన్ని ప్రత్యేక జాతిగా తిరిగి గుర్తించి, రామసేతువుకు రెండు వైపులా ఉండే పిట్ట కనుక హనుమాన్ ప్లోవర్ అన్నారు. వలస వచ్చిన కెంటిష్ మగపిట్టకు ముక్కు మొదలు నుంచి కన్ను దాకా నల్లని గీత ఉంటుంది. హనుమాన్ మగపిట్టకు ఆ చోటు తెల్లగా ఉంటుంది. పరిమాణం కూడా కొద్దిగా చిన్నది. చలికాలపు ఈకల్లో కెంటిష్ మగపిట్ట గీత కూడా వెలిసిపోతుంది కనుక, నుదుటి మీద నల్లని పట్టీ తిరిగి వచ్చిన మగపిట్ట కోసమే వెతకాలి. నుదురు నల్లబడి, కంటి ముందు మాత్రం తెల్లగా ఉంటే అప్పుడు ఆలోచించవచ్చు.

గట్టు మీద ప్లోవర్లు చెదురుమదురుగా మేస్తున్నాయి. వాటిలో నుదుటి పట్టీ స్పష్టంగా ఉన్న మగపిట్టలు తక్కువ. ఒకటి రెండింటికి కంటి ముందు గీత నల్లగానే ఉంది. తిన్నె మొదట్లో, గడ్డి పరకల దగ్గర, జంటగా తిరుగుతున్న వాటిలో మగది మిగతావాటిలా నీటి అంచుకు దిగడం లేదు. దాని దగ్గరకు నేరుగా పోకుండా, పక్కవాటుగా, మోచేతుల మీద, అది తల వంచినప్పుడల్లా కొంచెం కొంచెం జరిగాను. అది ఒకసారి తలను వేగంగా పైకీ కిందికీ ఆడించింది. ప్లోవర్ అలా తల ఊపితే ఎగరడానికి ముందు మాట అది. ఆగిపోయాను. కాసేపటికి అదే కొంత దగ్గరకు వచ్చి, ఛాతీని ఇసుకకు ఆనించి, కాళ్లతో వెనక్కి తన్నుతూ ఒక చిన్న గుంట తవ్వింది. లేచి, రెండడుగులు పక్కకు నడిచి, ఇంకొకటి తవ్వింది. గూటి చోటు కోసం మగపిట్ట చేసే పని ఇది. కంటి ముందు తెల్లగా ఉంది. ఎడమ వైపు, కుడి వైపు, ఎదురుగా ముఖం ఫొటోలు తీసుకొని, వెంటనే వచ్చిన దారినే వెనక్కి పాకాను. గూటి పని మొదలైన చోట ఫొటోగ్రాఫర్ ఉండవలసిన సమయం అంతకంటే ఎక్కువ కాదు.

అది హనుమాన్ ప్లోవరేనని ఈ ఫొటోలతో ప్రకటించను. వలస పిట్టలు ఉన్నన్నాళ్లూ సందేహానికి తావుంటుంది. మే నెలాఖరుకు కెంటిష్ ప్లోవర్లు ఉత్తరానికి వెళ్లిపోతాయి. అప్పుడు ఇదే గట్టు మీద పిల్లలతో ఏ ప్లోవర్ కనబడితే అది ఇక్కడిదే. ఆ ఎండల్లో గుడ్లను పొదగడం కంటే చల్లబరచడమే తల్లిదండ్రులకు పెద్ద పని. కెంటిష్ ప్లోవర్లు తాము గుడ్లు పెట్టే చోట నీటి అంచుకు వెళ్లి పొట్ట ఈకలు తడుపుకొని వచ్చి గుడ్ల మీద కూర్చుంటాయి. మనిషి దగ్గరలో తచ్చాడుతుంటే ఆ రాకపోకలు ఆగిపోయి, గుడ్లు ఇసుక మీదే ఉడికిపోతాయి. కనుక వేసవిలో ఇక్కడ పాకడం, పడుకోవడం ఉండదు. దూరం నుంచి, టెలిస్కోపుకు కెమెరా తగిలించి, అదీ పొద్దున్నే.

సాయంత్రం సఖినేటిపల్లి రేవులో నరసాపురం పంటు కోసం నిలబడినప్పుడు, గట్టు మీద మమ్మల్ని ఉదయం చూసిన మత్స్యకారుడు పలకరించి, ఆ ఇసుకలో అంతసేపు పడుకొని ఏం తీశారని అడిగాడు. కెమెరా వెనుక తెరమీద చూపించాను. "దీని గుడ్లు మా గడ్డి తిన్నెల్లో చూస్తానే ఉంటామండి, ఎండాకాలం" అన్నాడు. ఏ నెలలోనని అడిగితే, వేట నిషేధం రోజుల్లో పడవలన్నీ పైకి లాగేసి ఉన్నప్పుడని చెప్పాడు. అంటే ఏప్రిల్ 15కూ జూన్ 14కూ మధ్య. ఫోను నంబరు తీసుకున్నాను. గుడ్లు కనబడితే తాకకుండా, చుట్టూ మనుషులు తిరగకుండా చూసి, నాకు తిథీ వేళా మాత్రం చెప్పమని అడిగాను. "అలాగేనండి, ఆ రోజుల్లో మాకు వేరే పనేముంది" అంటూ ఆయన పంటు ఎక్కాడు.